వితోల్డ్ పేరు చెప్పి రొట్టె తీసుకోండి

దనూత ఐర్లండుకు వచ్చి పదిహేడేళ్లయింది. ఈ పదిహేడేళ్లలో ఒక్క హాలోవీన్ కూడా చూడలేదంటే మా డెక్లన్ వరస అనే వీధిలో ఎవరూ ఆశ్చర్యపోరు గాని, కొత్తవాళ్లు నమ్మరు. ఎందుకంటే అక్టోబరు నెలంతా ఆవిడ బతుకు హాలోవీన్‌తోనే. ఊరి బేకరీలో తెల్లటోపీ పెట్టుకుని నిలబడి, ఎండుద్రాక్షలు టీ డికాక్షన్‌లో నానబెట్టి చేసే బ్రాక్ రొట్టెల్లో ఒక్కో ఉంగరం దూర్చడం ఆవిడ పని. పండుగనాడు కోసిన ముక్కలో ఉంగరం ఎవరికి వస్తే వాళ్లకు ఏడాది తిరిగేలోగా పెళ్లి. అలా ఆవిడ చేతి మీదుగా ఈ జిల్లాలో ఎన్ని పెళ్లిళ్లు కుదిరాయో దేవుడికే ఎరుక. పండుగ నాటికి మాత్రం మనిషి ఊళ్లో ఉండదు.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్నే పెట్టె లాక్కుంటూ బస్సెక్కుతుంది. బస్సు దిగి విమానం, విమానం దిగి మళ్లీ బస్సు. పోలండులో, లూబ్లిన్ అవతల, ఆవిడ పల్లె. నవంబరు ఒకటిన అక్కడ సమాధుల పండుగ, దీపాలు ముందు రాత్రి నుంచే వెలుగుతాయి. మొగుడు వితోల్డ్ సమాధిని బ్రష్షుతో రుద్ది కడిగి, చామంతి కుండీలు పెట్టి, నాలుగు మూలలా నాలుగు ఎర్రగాజు దీపాలు వెలిగించి, వారం తర్వాత తిరిగొచ్చి మళ్లీ బేకరీలో నిలబడుతుంది.

వీధి పిల్లలకు ఇది ఇంకో రకంగా అర్థమైంది. భూతాలన్నీ ఊరి మీద పడే రోజుకు సరిగ్గా రెండు రోజుల ముందు నాలుగో నంబరు ఇంటావిడ ఎగిరిపోతుంది. వారానికి ఎగిరొస్తుంది. మంత్రగత్తె కాకపోతే మరేమిటి? ఆవిడ వెళ్లేది విమానంలోరా అని పెద్దవాళ్లు చెప్పి చూశారు. విమానమైతే ఏం, చీపురైతే ఏం, ఎగరడం ఎగరడమే కదా అని వాళ్ల వాదన. దనూత వాలకం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మాట తక్కువ, కనుబొమలు ఎక్కువ. ఆ ఇంటి గేటు ముట్టుకుని పరిగెత్తుకు రావడం ఇక్కడి పిల్లల్లో పెద్ద మగతనం కింద లెక్క. ఆడపిల్లలే ఎక్కువసార్లు ముట్టుకున్నారు, అది వేరే సంగతి.

ఈ ఏడు ఎగరడానికి లేకపోయింది. ప్రయాణానికి ముందు ఇల్లు అద్దంలా పెట్టకపోతే దనూతకు కాలు కదలదు. కిటికీలు తుడుద్దామని స్టూలెక్కింది. స్టూలు ఒక పక్కకి, ఆవిడ ఒక పక్కకి. చీలమండ విరిగింది. మోకాలి దాకా పిండికట్టు వేసి, చేతికి రెండు చంకకర్రలిచ్చి, ఆరు వారాల దాకా విమానం మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు.

"ఒంటికాలి మీదే వెళ్తాను" అంది దనూత.

"వెళ్లగలరు. వచ్చేటప్పుడు ఆ ఒక్కటి కూడా ఉండదు" అన్నాడాయన.

ఒక్క ఏడాది దీపం పెట్టకపోతే ఏం కొంప మునుగుతుందని అడిగేవాళ్లు ఆ పల్లెను చూసి ఉండరు. ఆ రోజు అక్కడ అయిదు వందల సమాధులుంటే అయిదు వందలూ వెలగాలి. వెలగని రాయి ఒక్కటుంటే ఊరందరి కళ్లూ దాని మీదే. 'అయ్యో, దిక్కులేని సమాధి' అంటారు, అని, జాలిపడి, ఇంటికెళ్లి భోజనాల దగ్గర మళ్లీ అంటారు. వితోల్డ్ పోయి పందొమ్మిదేళ్లయినా ఆ మాట ఒక్కసారీ పడనివ్వలేదు దనూత. వాళ్లకు పిల్లలు లేరు. తను కాక దీపం పెట్టడానికి ఆ ఊళ్లో మిగిలిన మనిషి ఒక్కతే. వితోల్డ్ అక్కగారు, ఆడపడుచు గెనొవేఫా. ఆవిడతో మాటలు లేక పదకొండేళ్లు.

గొడవ రాయి దగ్గరే వచ్చింది. ఐర్లండు జీతం కూడబెట్టి దనూత పదకొండేళ్ల క్రితం ఆ రాయి వేయించింది. అక్కడి పద్ధతి ప్రకారం మొగుడికి రాయి వేయించేటప్పుడు పక్కన పెళ్లాం పేరు కూడా చెక్కిస్తారు. పుట్టిన ఏడు, ఒక గీత, తర్వాత ఖాళీ. దనూత పేరూ అలాగే చెక్కించింది. రాయి నిలబెట్టిన రోజు పదిమందిలో గెనొవేఫా అన్నది: "రాయి మీద పేరుంటే సరా, ఊళ్లో మనిషి ఉండొద్దూ? ఏడాదికోసారి వచ్చే చుట్టానికి ఇక్కడ చోటెందుకు?" దనూత ఊరుకుంటే దనూత ఎందుకవుతుంది? "తమ్ముడు మంచం మీదున్న రెండేళ్లూ ఎన్నిసార్లు గుమ్మం తొక్కావో ముందు అది చెప్పు" అంది. అంతే. ఆ రోజు మూసుకున్న నోళ్లు ఇద్దరివీ మళ్లీ తెరుచుకోలేదు.

కాని నోళ్లు మూసుకున్నా రొట్టె మాత్రం ఆగలేదు. ప్రతి ఏడూ దనూత ఊరివాళ్లకని ఆరు బ్రాక్ రొట్టెలు పట్టుకెళ్తుంది. ముప్పయ్యో తేదీ పొద్దున్నే ఒకదాన్ని గుడ్డసంచిలో పెట్టి వదిన గేటుకు తగిలించి వచ్చేస్తుంది. పిలవదు, తలుపు తట్టదు. మర్నాడు ఆ సంచి ఉతికి, మడతపెట్టి, ఆ పల్లెలోని తన ఇంటి గేటుకు తగిలించి ఉంటుంది. రొట్టె బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. పదకొండేళ్లుగా వదినా మరదళ్ల మధ్య నడిచిన సంభాషణ మొత్తం అదే.

అలాంటి మనిషికి ఫోను చేసి 'మా ఆయనకు దీపం పెట్టు' అని అడగాలి. అడిగితే ఏమంటుందో దనూతకు ముందే వినబడుతోంది. 'చెప్పానా, చుట్టానివని.' రెండు రోజులు ఫోను చేత్తో పట్టుకుని, నంబరు తీసి, మళ్లీ పక్కన పెట్టేసింది. ముప్పయ్యొకటి వచ్చేసింది.

దూరదేశంలో చిక్కుకున్నవాళ్లు దగ్గర్లో ఉన్న సమాధుల తోటకు వెళ్లి, అక్కడి పెద్ద సిలువ కింద తమవాళ్ల దీపం పెట్టుకోవచ్చు. అది పెద్దలు ఒప్పిన పద్ధతే. ఇక్కడి సమాధుల తోట చూస్తే గుట్ట మీదుంది. చంకకర్రలతో గుట్ట ఎక్కడం అయ్యే పని కాదు. సరే, గుమ్మమే సిలువ అనుకుంది. ఊళ్లోని పోలండు కొట్టువాడు సరుకులతో పాటు తెచ్చిచ్చిన నాలుగు ఎర్రగాజు దీపాలు గుమ్మం మెట్టు మీద నాలుగు మూలలా పెట్టింది. అయిదు దాటి చీకటి పడుతుండగా, కట్టుకాలు చాపుకుని, గడపకు ఆనుకుని కూర్చుని ఒక్కొక్కటే వెలిగించింది. ప్రార్థన చెప్పుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. చేయగలిగింది చేశాను అనుకుంది గాని, మనసు ఒప్పుకోలేదు. వితోల్డ్ ఉన్నది ఇక్కడ కాదు కదా.

పది నిమిషాలు కాలేదు, తలుపు దబదబా మోగింది.

తీస్తే ఎదురుగా ఒక అస్థిపంజరం. దాని పక్కన దుప్పటి కప్పుకున్న దెయ్యం. ఇద్దరి వెనకాల, చీపురు ఈడ్చుకుంటూ, ముక్కు కారుతున్న చిన్న మంత్రగత్తె.

"హాలోవీన్ విందుకి సాయం చెయ్యండమ్మా!" అని వేషాలేసుకున్న ఆ ముగ్గురు పిల్లలూ సంచులు చాపి ఒక్క గొంతుతో అరిచారు. అస్థిపంజరం వంగి దీపాల వైపు చూసి, "భలే ఉన్నాయే! నిజం సమాధి దీపాల్లాగే ఉన్నాయి" అన్నాడు.

దనూతకు ఒళ్లు మండిపోయింది. చావుతో పరాచికాలాడే ఈ పండుగంటే ఆవిడకు మొదట్నుంచీ పడదు. ఉంగరాలు పెట్టేది జీతం కోసం, అంతే.

"నిజం దీపాలే. ఇది ఆట కాదు. పోండి!" అని ఒక చంకకర్ర ఎత్తింది.

పిల్లలు బెదరలేదు. నోళ్లు తెరుచుకుని ఆవిడ వైపు చూశారు. తర్వాత గేటు దాటి వీధిలోకి పరుగెత్తుతూ, పట్టరాని ఆనందంతో, "ఉందర్రా! ఇంట్లోనే ఉంది! ఎగరలేదు!" అని కేకలు పెట్టారు. ఆ కబురు డెక్లన్ వరస చివరిదాకా ఎంతసేపట్లో పాకిందో గాని, దనూత తలుపు వేసుకునేలోగా గేటు దగ్గర డజను భూతాలు పోగయ్యాయి.

వాటిని తోసుకుంటూ ఎదురింటి అట్రాక్టా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయాడు, మోకాళ్లు పోయాయి, నోరు మాత్రం నిన్ననే సాన పెట్టినట్టుంటుంది.

"ఏమ్మా దనూతా, దీపాలు పెట్టి రమ్మన్నావు, వస్తే కర్రెత్తుతున్నావు. ఇదెక్కడి మర్యాదే?"

"నేనెవర్నీ రమ్మనలేదు అట్రాక్టా గారూ. అవి మా ఆయనకు పెట్టుకున్న దీపాలు."

"మీ ఆయనకో మా ఆయనకో వీళ్లకేం తెలుసు? ఇవాళ గుమ్మంలో దీపం ఉంటే రమ్మని, లేకపోతే రావొద్దని. ఈ వీధిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు."

"నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడున్నాను ఈ రోజు?"

"అదీ నిజమే" అని అట్రాక్టా నవ్వింది. "పోనీ ఆర్పెయ్. వెళ్లిపోతారు."

దనూత దీపాల వైపు చూసింది. పోయినవాళ్లకు పెట్టిన దీపం చేత్తో ఆర్పడం ఆవిడ వంశంలో ఎవరూ చేసి ఉండరు. "ఆర్పను" అంది.

"ఆర్పకపోతే పెట్టాలి. ఇంట్లో ఏముంది?"

"క్యాబేజీ ఉంది."

"క్యాబేజీ పెట్టు, తెల్లారేసరికి వీళ్లు నీ కిటికీల నిండా కోడిగుడ్లు పగలగొడతారు. కాలు విరగ్గొట్టుకుని మరీ తుడిచావు పాపం."

అప్పుడు దనూతకు రొట్టెలు గుర్తొచ్చాయి. ఊరికి పట్టుకెళ్లాలని ముందే తెచ్చి పెట్టెలో సర్దిన ఆరు రొట్టెలూ పెట్టెలోనే ఉన్నాయి. ఆరో రొట్టె గుడ్డసంచిలో ఉంది, వదిన గేటుకు తగిలించాల్సింది. కాసేపు ఆలోచించి, "ఊరికే మాత్రం పెట్టను" అంది.

"పెట్టకు. మా చిన్నప్పుడు మాత్రం ఊరికే పెట్టారా? పాట పాడాలి, లేదా పొడుపుకథ చెప్పాలి. ఇప్పుడు సంచి చాపితే చాలనుకుంటున్నారు వెధవలు" అని, పిల్లలందరికీ వినబడేలా గొంతు పెంచి అంది అట్రాక్టా.

దనూతకు వాళ్ల నానమ్మ జ్ఞాపకం వచ్చింది. సమాధుల పండుగకు చిన్నచిన్న రొట్టెలు కాల్చి బుట్టలో వేసుకుని తోట గేటు దగ్గరికి వెళ్లేది. అక్కడ వరసగా బిచ్చగాళ్లు కూర్చునేవాళ్లు. నానమ్మ ఒక్కొక్కరికీ రొట్టె ఇచ్చి, పోయినవాళ్ల పేరు చెప్పేది. వాళ్లు ఆ పేరు మీద ప్రార్థన చెప్పి అప్పుడు తినేవాళ్లు. పేదవాడి నోట పేరు పలికితే పైకి తొందరగా చేరుతుందని నానమ్మ నమ్మకం. భూతాల నోట పలికితే చేరుతుందో లేదో నానమ్మ చెప్పలేదు. చేరదని కూడా చెప్పలేదు.

ఆ తర్వాత డెక్లన్ వరసలో ఎప్పుడూ జరగనిది జరిగింది. నాలుగో నంబరు ఇంటి తలుపు బార్లా తెరుచుకుంది. గడపలో కుర్చీ, కుర్చీలో దనూత, ముందు స్టూలు మీద కట్టుకాలు, ఒళ్లో పళ్లెం, చేతిలో కత్తి.

"వరసగా రండి. వితోల్డ్ ఆత్మకు శాంతి కలగాలి అని చెప్పాలి. గట్టిగా చెప్పాలి. చెప్పినవాళ్లకే ముక్క."

ముందు అస్థిపంజరమే వచ్చాడు. "వితోల్డ్ ఎవరండీ?"

"మా ఆయన."

"చచ్చిపోయాడా?"

"పందొమ్మిదేళ్లయింది."

"ఎలా ఉండేవాడు?"

దనూత చేతిలో కత్తి ఆగింది. ఈ దేశంలో పదిహేడేళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నారు. "పొడుగ్గా ఉండేవాడు" అంది. "నీకంటే కాస్త కండ ఉండేది. ట్రాక్టర్లు బాగుచేసేవాడు."

"ఏ ట్రాక్టర్లు?" అని వాడు ఎముకల మధ్యనుంచి కళ్లు పెద్దవి చేశాడు.

"ఎర్రవి, నీలంవి, ఏవైనా. చెవి పెట్టి వింటే ఎక్కడ జబ్బో తెలిసిపోయేది."

వాడికి అమితమైన గౌరవం కలిగింది. వీధంతా వినబడేలా, "వితోల్డ్ ఆత్మకు శాంతి కలగాలి!" అని అరిచాడు. వెనకున్న దెయ్యం అరిచింది. ముక్కు కారే మంత్రగత్తె సగం పేరు మింగేసి అరిచింది, అయినా దనూత ముక్క ఇచ్చింది. తోడేళ్లు, రక్తపిశాచాలు, ఒక గుమ్మడికాయ, ఒక అగ్నిమాపక భటుడు, అందరూ వచ్చి ఆవిడ మొగుడి పేరు చెప్పి రొట్టె తీసుకుని వెళ్తున్నారు. "రెండోసారి చెబితే రెండో ముక్క ఇస్తారా?" అని ఒకతె అడిగింది. "చెప్పు. ఆయనకేం నష్టం?" అంది దనూత. ఆవిడకు సంతోషంగా ఉంది. సిగ్గుపడేంత సంతోషం.

పక్కన పీట వేసుకుని కూర్చున్న అట్రాక్టా తన ముక్క కొరికి, 'టక్' మన్న చప్పుడుకి తీసి చూసింది. ఉంగరం.

"అయ్యబాబోయ్, ఈ వయసులో నాకు పెళ్లేంటమ్మా! నువ్వు తీసుకో. చిన్నదానివి."

"నాకెవరిస్తారు? మా ఆయన రాయి మీద పక్కనే నా పేరు చెక్కి ఉంది. సమాధి సిద్ధం చేసుకు కూర్చున్నదాన్ని ఏ మగాడు చేసుకుంటాడు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాగాక అట్రాక్టా అడిగింది, "అక్కడ మరి ఆ రాయి దగ్గర దీపమెవరు పెడుతున్నారే?"

దనూత చెప్పింది. వదిన సంగతి, రాయి సంగతి, సంచి సంగతి. ఎవరికీ చెప్పని మనిషి, ఆ రోజు కత్తితో రొట్టె కోస్తూ అంతా చెప్పేసింది. అట్రాక్టా వింటూ ఉంగరాన్ని కొంగున తుడిచినట్టు స్వెట్టరుకు తుడిచి చిటికెనవేలికి పెట్టుకుంది.

"సాయంత్రం నుంచీ యాభై భూతాల్ని అడుక్కున్నావు, మా ఆయన పేరు చెప్పండర్రా అని. దూరాన ఉన్న ఇంకో భూతాన్ని అడగడానికి ఏం రోగం?" అంది.

దనూత కత్తి పళ్లెంలో పెట్టింది. తర్వాత జేబులోంచి ఫోను తీసింది. రెండు రోజులుగా తీసి పెట్టేసిన నంబరే. మోగింది. రెండోసారి మోగకుండానే ఎత్తారు.

"ఎవరూ?"

"నేనే వదినా. దనూతని."

అవతల కుర్చీ లాగిన మోత వినబడింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను. కాలు విరిగింది."

"కాలు విరిగితే నోరు పడిపోయిందా? ఫోను చెయ్యడానికి కాలెందుకే? నిన్నంతా గేటు చూశాను. సంచి లేదు. ఇవాళ పొద్దున చూశాను, లేదు. పదకొండేళ్లలో ఒక్క ఏడూ తప్పని సంచి లేకపోతే నేనేమనుకోవాలి? సమాధి కడగడానికి వెళ్తే ప్రతివాళ్లూ దనూత ఏదీ, దనూత ఏదీ అని ఒకటే గోల. రాయి మీద నీ పేరు ఒకటి చెక్కించి పెట్టావాయె. దాన్ని చూసి చూసి..."

"సమాధి నువ్వు కడిగావా?"

"నేను కాక నువ్వు ఎగిరొచ్చి కడిగావా? కడిగాను. నాలుగు మూలలా నాలుగు దీపాలు పెట్టాను, నువ్వు పెట్టినట్టే." గొంతు కాస్త తగ్గింది. "నీ పేరు కింద ఒకటి పెట్టాను. పోయావనుకున్నాను."

దనూత ఏడ్చింది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని, గేటు దగ్గర భూతాలు చూస్తుండగానే ఏడ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది, అదీ ఆపుకోలేదు.

"ఏడవకు. బతికున్న మనిషికి సమాధి దీపం అపశకునం, పొద్దున్నే వెళ్లి తీసేస్తాలే" అంది గెనొవేఫా.

"తీయకు వదినా. ఆయన పక్కన వెలగనీ. నేను రాలేకపోయాను, అదైనా ఉంటుంది."

ఆ మాటతో పాటే చివరి ఇళ్ల నుంచి ఇంకో గుంపు గేటులోకి వచ్చిపడింది. రూలు ముందే తెలుసుకుని వచ్చినట్టున్నారు, కుర్చీ దాకా రాకుండానే మొదలుపెట్టారు. "వితోల్డ్ ఆత్మకు శాంతి కలగాలి! వితోల్డ్ ఆత్మకు శాంతి కలగాలి!"

"ఏంటే ఆ కేకలు?" గెనొవేఫా గొంతు మారిపోయింది. "మా తమ్ముడి పేరు పెట్టి అరుస్తున్నారు, ఎవరది?"

"భూతాలు వదినా. గుమ్మం నిండా ఉన్నాయి. ఆయన పేరు చెప్పినవాళ్లకి రొట్టె పెడుతున్నాను. అయిదు అయిపోయాయి. ఇక నీ సంచిలోదే మిగిలింది."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. భూతాలు ఇక్కడ పేరు చెబుతూనే ఉన్నాయి, ఆవిడ అక్కడ వింటూనే ఉంది.

"దనుష్యా" అంది చివరికి. పదకొండేళ్ల క్రితం వరకూ పిలిచిన ముద్దుపేరు. "నాదీ కొయ్యి. నీ చెయ్యి అసలే పీనాసిది, ముక్కలు సన్నగా కోస్తావు. పెద్దవి కొయ్యి."